ఊరి బురుజు

ఉత్తర తెలంగాణంలోని పాత పల్లెలను చూచినవారికి ఒక కట్టడం తప్పక జ్ఞాపకముంటుంది. ఊరి నడుమనో, గడీ మూలనో, గ్రామద్వారానికి ప్రక్కనో, క్రింద వెడల్పుగా ఉండి పైకి పోయినకొలది సన్నగిల్లుతూ గుండ్రంగా నిలిచిన రాతి బురుజు అది. నేడు కొన్నిటి సందులలో రావిమొక్కలు మొలచినవి. కొన్నిటి రాళ్ళు ఇండ్ల పునాదులలోనికి చేరినవి. దాని నీడన పశువులను కట్టివేసేవారు, దాని గోడకు పిడకలు కొట్టేవారు ఉన్నారు. కాని దానిని ఎవరికి వెరచి కట్టినారు, చీకటి రాత్రులలో దానిపై ఎవరు మేల్కొని ఉండేవారు, వారు చూచినది క్రింద ఉన్న వారికి ఎట్లు తెలిసేది అను ప్రశ్నలు మనలో చాలమందికి తోచవు. చరిత్ర అంటే రాజుల కోటలే గాని పల్లెల బురుజులు కావని ఒక అభిప్రాయం మనలో నాటుకొని ఉన్నది.

ఓరుగల్లును గూర్చి, గోలకొండను గూర్చి గ్రంథాలు కలవు. అవి రాజును, రాజు సేనను కాపాడిన గోడలు. పల్లెలోని కాపు మాత్రం తన గింజను, గొడ్డును, ఆలుబిడ్డలను చాలవరకు తానే కాపాడుకోవలసి ఉండేది. ప్రభువు సేన కదలివచ్చేలోగా దోచేవాడు వచ్చి, పని ముగించుకొని, పొలిమేర దాటిపోయేవాడు. కనుక సామాన్యుడు తన ఇంటిని, తన ఊరిని ఎట్లు రక్షించుకొన్నాడో తెలియాలంటే ఈ బురుజులనే అడగాలి.

బెల్లంపల్లి ప్రాంతం నుండే ఈ కథను ఆరంభిద్దాము. బెల్లంపల్లి పట్టణం బొగ్గుతో పెరిగినది. 1920వ దశకం చివర సింగరేణి కంపెనీ ఇక్కడ గనుల పని మొదలుపెట్టడం, కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తి కావడం ఇంచుమించు ఒకే కాలంలో జరిగినవి. అడవి నడుమ ఉన్న ఊరు పట్టణమైనది. అప్పటి ఆదిలాబాదు జిల్లాలోని ఈ పట్టణం 2016 నుండి మంచిర్యాల జిల్లాలో చేరినది. గనుల వెంట లేచిన పట్టణానికి బురుజుతో పని లేదు. అయినా దాని పరిసరాలు మాత్రం కాపుదలను గూర్చి శతాబ్దాలుగా ఆలోచించిన నేల. బెల్లంపల్లికి దక్షిణాన, మందమర్రి దగ్గర బొక్కలగుట్ట సమీపంలోని అడవిలో గాంధారి ఖిల్లా కలదు. అక్కడ కొండనే కోటగా మలచుకొన్నారు. రాతిని తొలిచి మార్గాలు చేసినారు, కొండపై నీరు నిలువ ఉండే ఏర్పాట్లు చేసినారు. శత్రువుకు వెరచి కొండెక్కినవానికి మొదట కావలసినది కత్తి కాదు, నీరు అని ఆ కట్టినవారికి తెలుసు. నేడు ఆ కోటలో రాజు లేడు, సేన లేదు. మాఘమాసంలో నాయకపోడులు వచ్చి మైసమ్మకు జాతర చేసి పోతారు. తెలంగాణంలో మైసమ్మ కోటకు, చెరువుకట్టకు కాపుదేవత. కోట పాడుపడిన తరువాత కూడ దాని కావలి కొలువు మాత్రం నిలిచి ఉన్నదన్నమాట.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు గోండు రాజుల ఏలుబడిలోనిది. సిర్పూరు, మాణిక్‌గఢ్, బల్లార్‌పూర్, చాందా వారి కోటలు. 1751లో చాందా రాజ్యం నాగపూరు భోంస్లేల వశమైనది. ఆ పిమ్మట గోదావరికి ఉత్తరాన ఉన్న ఈ అడవుల సీమ ఒక వైపు మరాఠాలకు, మరొక వైపు నిజాముకు నడుమ సరిహద్దుగా మిగిలినది. సరిహద్దు సీమలో పన్ను వసూలు చేసేవారు ఇద్దరుంటారు గాని కాపాడేవాడు ఒకడైనా ఉండడని పల్లెవాసులు అనుభవంతో నేర్చుకొన్నారు. సేనలు నడిచేటప్పుడు పచ్చని పైరు గుర్రాలకు మేత అయ్యేది. సేనలు చెదరినప్పుడు జీతం లేని సిపాయి దోపిడికాడయ్యేవాడు.

అట్టి దోపిడికాండ్రలో పేరుమోసినవారు పిండారీలు. పద్దెనిమిదో శతాబ్ది చివర, పందొమ్మిదో శతాబ్ది మొదట నర్మదా తీరం వారికి నెలవు. వారు యుద్ధం చేసే సైనికులు కారు. డేరాలు లేవు, సామాను లేదు; గుర్రం, బల్లెం, కొన్నిరోజుల తిండి, అంతే. రోజుకు నలభై యాభై మైళ్ళు పరుగెత్తి, విన్నవారు నమ్మకమునుపే ఊరిమీద పడేవారు. పట్టుకొనిపోగలిగినది పట్టుకొని, పట్టుకొనిపోలేనిది తగులబెట్టి, దాచిన ధనం చెప్పుమని గృహస్థులను హింసించి, మరునాటికి మరొక సీమలో ఉండేవారు. పిండారీ అనే పేరు వినగానే పల్లెలు ఖాళీ అయ్యేవి.

ఇట్టి శత్రువుకు పల్లె ఏ విధంగా సిద్ధమైనది? పాత పల్లెల అమరికలోనే దీనికి సమాధానం ఉన్నది. ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉండేవి. వెలుపలి వరుస ఇండ్ల వెనుక గోడలే ఊరికి ప్రాకారం. గోడ లేనిచోట ముండ్లకంప. ఊరిలోనికి వచ్చే బాటపై గవిని, అనగా గ్రామద్వారం. పొద్దు గుంకగానే దాని తలుపులు మూసేవారు. బురుజు ఊరికంతటికీ కన్ను. దానిపై నిలిచినవానికి పొలిమేర దాకా కనబడుతుంది. ఎండకాలంలో దూరాన లేచే దుమ్మును చూచి అది మందనా, బండ్ల వరుసనా, గుర్రపుదండా అని గుర్తుపట్టడం ఒక విద్య. ఆ విద్య తెలిసిన కావలివాడు తుపాకి పట్టగలిగినవానికన్న ఊరికి ఎక్కువ ఉపకారం చేసేవాడు.

పల్లెకు తనదైన కావలి వ్యవస్థ కూడ ఉండేది. తలారి, శేత్‌సింది మొదలైన గ్రామసేవకులు తరతరాలుగా ఈ పనులు చేసినారు. వారికి ఇనాం భూమియో, కళ్ళంలో మేరయో దక్కేది. క్రొత్తవాడు ఊరిలో బస చేస్తే తలారికి తెలియాలి. దొంగతనం జరిగితే జాడ తీయడం అతని బాధ్యత. దక్కను పల్లెలలో ఈ జాడ తీయడం ఒక శాస్త్రంవలె నడిచినది. దొంగ అడుగుజాడ పొరుగూరి పొలిమేర దాటిందని చూపగలిగితే ఆ ఊరి బాధ్యత తీరి పొరుగూరి బాధ్యత మొదలయ్యేది. పొరుగూరివారు తమ పొలిమేర నుండి జాడను ముందుకు నడిపించాలి. నడిపించలేకపోతే నష్టం కట్టియివ్వాలి. ఈ కట్టుబాటులో మంచి తెలివి ఉన్నది. ఏ ఊరూ దొంగను పొరుగూరికి తరిమి ఊరుకోవడానికి వీలు లేదు. ఒక ఊరి కాపుదల మరొక ఊరి కాపుదలతో ముడిపడి ఉండేది.

శిక్షణ మాట చెప్పాలి. పల్లెలో కవాతు లేదు. అయినా శిక్షణ లేకపోలేదు. అది పనిలోనే ఉన్నది. జొన్నచేనిలో మంచెపై నిలిచి పిట్టలను తోలే కుర్రవాడు వడిసెలలో రాయి పెట్టి తలచుట్టూ త్రిప్పి విసరడం పదేండ్ల ప్రాయంలోనే నేర్చుకొంటాడు. ఏండ్ల తరబడి చేసిన ఆ అభ్యాసం అవసరం వచ్చిననాడు ఆయుధవిద్య అవుతుంది. గొర్రెల కాపరి తోడేలును తరిమిన కర్ర, అడవిలో దారి చేసికొన్న గొడ్డలి, వడ్లు దంచిన రోకలి కూడ అటువంటివే. పండుగనాడు మోగే డప్పునకు ఒక దరువు, ఆపదనాడు మరొక దరువు. పసిబిడ్డకు కూడ ఆ భేదం తెలుసు. ఇక కర్రసాము, కుస్తీ నేర్పే తాలీంఖానాలు పెద్ద ఊళ్ళలో ఉండేవి. డప్పు మోగగానే ఎవరు గవిని మూయాలి, ఎవరు పశువులను తోలాలి, ముసలివారిని ఎవరు గడీలోనికో గుట్టపైకో చేర్చాలి, బురుజుకు నీళ్ళు ఎవరు మోయాలి అన్నది ముందుగానే ఎరిగి ఉండడమే అసలైన సిద్ధపాటు.

ఇట్టి సిద్ధపాటు లేనిచోట ఏమి జరిగినదో 1816వ సంవత్సరం తెలుపుతుంది. ఆ ఏడు ఫిబ్రవరిలో నర్మదా తీరం నుండి బయలుదేరిన ఒక పిండారీ దండు దక్కనును అడ్డంగా దాటి, గోదావరిని, కృష్ణను దాటి, మార్చిలో కుంపినీ ఏలుబడిలో ఉన్న సర్కారు జిల్లాలపై పడినది. అప్పటికి అక్కడి పల్లెలు కొన్ని ఏండ్లుగా దండయాత్రలు ఎరుగవు. దొరతనం ఉన్నదన్న ధైర్యంతో కాపుదల సడలినది. పన్నెండు రోజులు కూడ నిండకముందే ఆ దండు 339 గ్రామాలను దోచినది. 182 మందిని చంపినది. 505 మందిని గాయపరచినది. 3,603 మందిని చిత్రహింసలు పెట్టినది. ఇవి కుంపినీ అధికారులు తరువాత విచారించి వ్రాసిన లెక్కలు. గుంటూరు సీమలోని ఐనవోలు గ్రామస్థులు ఇక తప్పించుకొనే దారి లేదని తెలిసి, మానం దక్కించుకోవడానికి తమ ఇండ్లకు తామే నిప్పు పెట్టుకొని ఆలుబిడ్డలతో మంటలలో ప్రాణాలు విడిచినారు.

ఆ దండు గుంటూరు పట్టణంలో కూడ ప్రవేశించినది. ఇండ్లను దోచినది. కాని కలెక్టరు కచేరిలో ఉన్న ఖజానా జోలికి మాత్రం పోలేదు. అక్కడ ఉన్నది పెద్ద సేన కాదు; కావలికి ఉంచిన కొద్దిమంది సిపాయీలు, వయసు మళ్ళిన సైనికులు. వేల గుర్రాలు గలవారు ఆ గుప్పెడు మందిని చూచి ఎందుకు తొలగిపోయినారు? భయపడి కాదు. అక్కడ కొంతసేపు ఆగవలసి వస్తుంది. కొందరు చావవలసి వస్తుంది. దోపిడికాని బలం వేగంలో ఉన్నది. ఆగిన క్షణాన అతడు బలహీనుడు. వెనుక నుండి సేన తరుముకొని వస్తుందో, ఊళ్ళన్నీ లేచి దారి కాస్తాయో అతనికి తెలియదు. అందుచేత తెరచిన తలుపుల ఇండ్లను దోచి, మూసిన తలుపు వెనుక మనిషి ఉన్న ఇంటిని విడిచి కొన్ని గంటలలోనే పట్టణం వదలిపోయినారు.

పల్లె బురుజు అర్థం ఇక్కడ మనకు తెలుస్తున్నది. బురుజు యుద్ధం గెలవడానికి కట్టినది కాదు. శత్రువును జాగు చేయించడానికి కట్టినది. ఒక గంట ముందు తెలిస్తే పశువులు అడవి చేరుతాయి. ఒక పూట నిలబడితే పొరుగూరు మేల్కొంటుంది. ఒక రాత్రి గడిస్తే దోచేవాడు విసిగి వెళ్ళిపోతాడు. బురుజు పల్లెకు సంపాదించి ఇచ్చినది ఆ కాలవ్యవధియే. 1817–18లో కుంపినీ సేనలు పిండారీలను నిర్మూలించినవి. వారి నాయకుడు చీతూ అడవులలో తలదాచుకొంటూ 1819లో పులివాత పడినాడు. పిండారీల భయం పోయినది గాని బురుజులు మిగిలినవి.

అయితే మిగిలిన బురుజు ఎవరి చేతిలో ఉన్నది అన్నది తరువాతి శతాబ్దపు కథ. తెలంగాణంలో దేశముఖుల, జాగీరుదారుల అధికారం పెరిగినకొలది ఊరుమ్మడి బురుజు గడీలో భాగమైనది. ఊరు చేసిన వెట్టితోనే గడీ గోడలు లేచినవి. వెలుపలి శత్రువును చూడడానికి కట్టిన బురుజుపై నుండి ఇప్పుడు ఊరినే చూడసాగినారు. ఎవరు వెట్టికి రాలేదు, ఎవరు పొద్దెక్కి పొలానికి పోయినారు, ఎవరి ఇంట ఎవరు గుమికూడినారు అని కనిపెట్టే కన్ను అయినది ఆ బురుజు. 1946 జూలై 4వ తేదీన జనగామ ప్రాంతంలోని కడవెండిలో సంఘం వారి ఊరేగింపుపై విసునూరు దేశముఖు మనుషులు గడీ నుండి కాల్పులు జరిపినారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగినాడు. ఊరిని కాపాడవలసిన గోడ ఊరిపైకే గుండు విసరిన రోజు అది. తెలంగాణ రైతాంగ పోరాటానికి ఆ గుండు నాందియైనది.

దీనికి ఆరేండ్ల ముందే బెల్లంపల్లికి ఉత్తరాన ఉన్న కొండలలో మరొక విధమైన చొరబాటు జరిగినది. అడవిని రిజర్వు చేసిన సర్కారు గోండుల పోడు సేద్యాన్ని నిషేధించినది. అడవిశాఖ సిబ్బంది వచ్చి గుడిసెలు కాల్చినారు. చేతిలో కాగితం, ఒంటిపై దుస్తు ఉన్నవాడు ఇల్లు కాలిస్తే అతనిని చొరబాటుదారు అనాలా, అధికారి అనాలా? కొమురం భీము పన్నెండు గ్రామాల గోండులను కూడగట్టి ఈ ప్రశ్న వేసినాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాటలు ఆ పోరాటంతో ముడివడినవి. జోడేఘాట్ కొండనే వారు తమ బురుజుగా చేసికొన్నారు. 1940 అక్టోబరులో నిజాం పోలీసులు ఆ కొండను చుట్టుముట్టి కాల్చగా భీముతోపాటు అతని అనుచరులు కొందరు మరణించినారు. కొండ ఓడినది. అయినా ఆ ఓటమి పిమ్మటనే సర్కారు హైమండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుని పిలిపించి గోండుల స్థితిగతులను పరిశీలింపజేసినది. అతని సలహాపై గిరిజనులకు భూమి పట్టాలు ఇవ్వడం మొదలైనది. బురుజు ఇవ్వలేని రక్షణను పట్టా కొంతవరకైనా ఇచ్చినది. తనదని వ్రాతలో ఉన్న ఇంటిని కాపాడుకోవడం తేలిక.

1946 నుండి తెలంగాణ పల్లెలలో ఆత్మరక్షణ సిద్ధపాటు ఒక క్రొత్త రూపం తాల్చినది. దీనికి మొదటి ఆయుధం గుత్ప, అనగా చేతికర్ర. అందుచేతనే జనం దీనిని గుత్పల సంఘం అన్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించిన పంటను దేశముఖు మనుషులు తీసికొనిపోవడానికి వచ్చినప్పుడు సంఘం కార్యకర్తలు గుత్పలతో నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇల్లు చేర్చినారు. వడిసెల మంచె దిగి ఊరి గవినికి వచ్చినది. స్త్రీలు కారం పొడి, రోకళ్ళు సిద్ధం చేసికొన్నారు. రాళ్ళు కుప్పలు పోసి ఇండ్లపై ఉంచినారు. తరువాత గ్రామ రక్షక దళాలు ఏర్పడినవి. బర్మారు తుపాకులు వచ్చినవి. పెద్దలు వంతులు వేసి గస్తీ నడిపించినారు. పాత తలారి చేసిన పనిని ఇప్పుడు ఊరంతా పంచుకొన్నది. ఇనాం తీసికొని చేసే కావలికి, తన ఇంటి కొరకు తాను చేసే కావలికి భేదం అప్పుడు తెలిసినది.

1947 ఆగస్టులో దేశం స్వతంత్రమైనా హైదరాబాదు రాజ్యం భారతదేశంలో చేరలేదు. కాశిం రజ్వీ నాయకత్వాన రజాకారు దళాలు ఊళ్ళపై పడి దోచడం, కాల్చడం సాగించినవి. వీరి దౌర్జన్యం ఒక మతంవారిపైననే జరిగినదని భావించరాదు. రజాకార్ల చేతలను తన ఇమ్రోజ్ పత్రికలో ఖండించిన సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నగరంలోనే నరికి చంపినారు. రాజ్యం సరిహద్దుల వెంట స్టేట్ కాంగ్రెసు శిబిరాలు వెలసినవి. ఆదిలాబాదు వైపున చాందాలో అట్టి శిబిరం ఉండినది. గోదావరి లోయలోని పల్లెలు పగలు పొలంలో, రాత్రి బురుజు క్రింద అన్నట్లు కాలం గడిపినవి.

ఆ రోజులలో పల్లెబురుజు చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన ఊరు బైరాన్‌పల్లి. నేడది సిద్దిపేట జిల్లాలోనిది. నాడు జనగామ ప్రాంతపు ఊళ్ళలో ఒకటి. ఊరిలో పాత బురుజు ఉన్నది. గ్రామస్థులు దానిని బాగుచేసికొన్నారు. దానిపై కావలివారిని నిలిపినారు, నగారా పెట్టినారు. ఊరి చుట్టూ అడ్డుగోడలు సరిచేసినారు. యువకులు దళంగా ఏర్పడి వంతులవారీగా కాపు కాసినారు. చుట్టుప్రక్కల ఊళ్ళను దోచి మరలిపోతున్న రజాకార్లను వారు అడ్డగించినారు. దానికి ప్రతీకారంగా ఊరిపైకి వచ్చిన దాడులను బురుజుపై నుండి తిప్పికొట్టినారు. నగారా మోగడం, ఊరు కదలడం, బురుజు నుండి గుండు పేలడం, వచ్చినవారు వెనుదిరగడం జరిగినవి. పిండారీల కాలపు సూత్రం ఇరవయ్యో శతాబ్దిలోనూ పనిచేసినది. దోచడానికి వచ్చినవాడు చావడానికి సిద్ధపడి రాడు.

కాని 1948 ఆగస్టు 27వ తేదీ తెల్లవారకమున్నే ఆ ఊరిని చుట్టుముట్టినవారు దోచి పోవడానికి వచ్చినవారు కారు. రజాకార్లతోపాటు నిజాము సైనికులు, వారితో ఫిరంగులు ఉన్నవి. నగారా మోగినది. బురుజుపై ఉన్నవారు తమ ప్రాణాలున్నంతవరకు కాల్చినారు. ఫిరంగి గుండ్ల ముందు రాయి, సున్నం ఎంతసేపు నిలుస్తవి? బురుజుపై కాపరులు కూలిన పిమ్మట శత్రువులు ఊరిలో చొచ్చినారు. పట్టుబడినవారిని వరుసగా నిలిపి కాల్చివేసినారు. స్త్రీలను ఘోరంగా అవమానించినారు. ఆ ఒక్కరోజున సుమారు నూరుమంది బలి అయినారు. పొరుగున ఉన్న కూటిగల్లులో కూడ ఆనాడే రక్తం ప్రవహించినది. సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు రాజ్యంలో ప్రవేశించినవి. 17న నిజాము లొంగిపోయినాడు. బైరాన్‌పల్లి కూలిన నాటికి, నిజాము లొంగిన నాటికి నడుమ సరిగా మూడు వారాలు.

ఆ మూడు వారాలను గూర్చి శ్రోతలు ఆలోచించగలరు. బురుజు పల్లెకు కాలవ్యవధిని సంపాదిస్తుందని చెప్పుకొన్నాము. బైరాన్‌పల్లి బురుజు కూడ తన పని తాను చేసినది. నెలల తరబడి ఊరిని నిలిపినది. ఆ ఊరివారికి ధైర్యం కొరవడలేదు, కట్టుబాటు కొరవడలేదు. వారికి లేనిది వెనుక నుండి వచ్చే సహాయం. ఊరి కాపుదల ఎంత గట్టిదైనా, ప్రజలను రక్షించవలసిన రాజ్యమే ఫిరంగితో ఎదుట నిలిచినప్పుడు అది ఒంటరి. పల్లె ఎంతసేపు తట్టుకోగలదన్న ప్రశ్నకు ఎల్లప్పుడూ మరొక ప్రశ్న తోడుగా ఉంటుంది: తట్టుకొన్నంతలో ఎవరు వస్తారు?

మరొక విషయం కూడ దాచరాదు. పోలీసు చర్య ముగిసిన పిమ్మట పలుచోట్ల, ముఖ్యంగా రాజ్యం పడమటి జిల్లాలలో, ఏ పాపమెరుగని ముస్లిం కుటుంబాలపై ప్రతీకార దాడులు జరిగినవి. భారత ప్రభుత్వం పంపిన పండిత సుందర్‌లాల్ బృందం తిరిగి చూచి ఈ దారుణాలను నివేదించినది. ఆ నివేదిక ఏండ్ల తరబడి వెలుగు చూడలేదు. తన గడపను కాపాడుకోవడానికి ఎత్తిన కర్ర పొరుగువాని గడపలో దిగితే ఆ కర్ర పట్టినవాడే చొరబాటుదారు అవుతాడు. ఆత్మరక్షణకు, ప్రతీకారానికి నడుమ ఉన్న పొలిమేరను కాపాడడానికి బురుజు చాలదు. అక్కడ మనస్సే కావలి ఉండాలి.

పిమ్మటి కాలంలో పల్లె కావలి స్వరూపం మారినది. నిజాము కాలం నుండి ఊరి శాంతిభద్రతలు చూచిన పోలీసు పటేలు పదవి తెలంగాణంలో 1980వ దశకంలో రద్దయినది. ఠాణా, వాహనం, టెలిఫోను వచ్చినవి. 1946లో బొంబాయిలో మొదలైన హోంగార్డుల వ్యవస్థ 1962లో చైనాతో యుద్ధం పిమ్మట దేశమంతటా బలపడినది. సామాన్య పౌరుడు శిక్షణ పొంది, అవసరమైనప్పుడు పోలీసుకు తోడుపడడం దాని ఉద్దేశం. ఇది పాత తలారికి, గ్రామ రక్షక దళానికి చట్టం ఇచ్చిన రూపమనవచ్చు. ఒక్క భేదం కలదు. నాటి పల్లెలో వెనుక నుండి ఎవరు వస్తారో తెలియదు. నేడు వెనుక ఒక రాజ్యాంగం ఉన్నది.

బెల్లంపల్లివంటి గని పట్టణాలలో బురుజు లేదని ముందే చెప్పుకొన్నాము. అక్కడికి వివిధ ప్రాంతాలవారు, వివిధ భాషలవారు పొట్ట చేతబట్టుకొని వచ్చి చేరినారు. ప్రక్క ఇంటివాని తాతను ఎరిగినవారు లేరు. అయినా వారిని కలిపిన ధ్వని ఒకటి ఉన్నది. గని సైరను కూత విని ఇంటిల్లపాది పొద్దు గుర్తించేవారు, అన్నం కట్టేవారు, బడికి బయలుదేరేవారు. అదే కూత వేళగాని వేళ మోగితే ప్రతి ఇంటి తలుపూ తెరచుకొంటుంది. స్త్రీలు వాకిట్లోకి వస్తారు. గని వైపు నడుస్తారు. ఆ కూత అర్థం ఎవరూ వారికి నేర్పలేదు. డప్పు దరువు భేదం నాటి పల్లెబిడ్డకు తెలిసినట్లే అది వారికి తెలుసు. నాలుగు ఊళ్ళ మనుషులు ఒక ధ్వనికి ఒక్కటిగా లేచినప్పుడు వారు ఊరివారైనారని చెప్పవచ్చు.

మన పల్లెలలో ఇంకా మిగిలి ఉన్న బురుజులను పడగొట్టకుండ ఉంచుకోవడం మన విధి. అవి రాజుల వైభవాన్ని చాటేవి కావు. వెట్టి చేసిన చేతులతో, వానకు తడిసి, ఎండకు ఎండి, పేరు లేని మనుషులు రాయిమీద రాయి పేర్చి కట్టినవి. ప్రతి రాత్రి ఎవరో ఒకరు నిద్ర మానుకొని వాటిపై నిలబడినందువలననే క్రింద ఊరు నిద్రపోయినది. నేడు మన తలుపులకు గట్టి తాళాలున్నవి. ఆ తాళాలు వచ్చిన తరువాత ప్రక్క ఇంటివారి పేరు తెలియనివారు మనలో ఎక్కువైనారు. దొంగ వచ్చిన రాత్రి తాళం అరవదు. ప్రక్క ఇంటివాడే అరవాలి.